నివేదికలో రాయని రోజు

ఈ ఏడాది సావనీరుకి "పూర్వ విద్యార్థిగా నాలుగు మాటలు" రాసిమ్మని విద్యార్థి సంఘం వారు అడిగారు. ఈ సావనీరుకి రాయడం నాకు కొత్త కాదు. 1984 సంచికలో నా ఫొటోతో సహా రెండు పేజీల యాత్రా నివేదిక అచ్చయింది. జోధ్‌పూర్ నుంచి జైసల్మేరుకీ, మళ్ళీ వెనక్కీ నలుగురం సైకిళ్ళ మీద వెళ్ళొచ్చిన కథ అది. "దుర్గమమైన ఎడారిని యువశక్తితో జయించాము" అని అందులో ఒక వాక్యం కూడా ఉంది. అప్పట్లో ఆ వాక్యం నాకు చాలా నచ్చింది.

ఆ నివేదికలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. కాని ఒక రోజు లేదు. జైసల్మేరు చేరాం, కోట చూశాం అని రాసి, ఆ తర్వాత "తిరుగు ప్రయాణం కూడా జయప్రదంగా ముగిసినది" అని ఒక్క వాక్యంలో తేల్చేశాను. ఆ ఒక్క వాక్యం కింద దాచిపెట్టిన రోజుని ఇవాళ బయటికి తీస్తున్నాను. నలభై ఏళ్ళు దాటాయి. ఇంకా ఆలస్యం చేస్తే రాసేవాడు ఉండడు!

1983 అక్టోబరు, దసరా సెలవులు. ఆ వేసవిలోనే కపిల్‌దేవ్ జట్టు ప్రపంచకప్పు గెలుచుకొచ్చింది. కుర్రాళ్ళందరికీ ఏదో ఒకటి గెలవాలని ఉబలాటంగా ఉన్న రోజులవి. నలుగురం సైకిళ్ళని రైలు బ్రేక్‌వ్యాన్‌లో వేసుకుని, రైళ్ళు మారి జోధ్‌పూర్ చేరాం. ముగ్గురివి కొత్త సైకిళ్ళు, తేలికైనవి. నాలుగోవాడిది వాళ్ళ నాన్న వాడిన పాత బండి, ముందు పెద్ద బుట్టా వెనక గట్టి కారియరూ ఉన్న రకం. ఆ మిత్రుడి పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండదు. హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. అప్పటి చనువుకొద్దీ ఇక్కడ "వాడు" అనే రాస్తాను, మన్నించాలి.

వాడిది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చాడు. మొదటి ఏడాది లెక్చరరు ఇంగ్లీషులో పాఠం చెబుతూ ఉంటే సగం అర్థం కాక, నోట్సు రాసుకోలేక, ఒక పేపరు తప్పాడు. మేం వాడిని ఎగతాళి చేయలేదు. "పాపం, మొద్దు" అని జాలి పడ్డాం. అది ఎగతాళి కంటే హీనమని ఇప్పుడు తెలుసు.

జోధ్‌పూర్ నుంచి జైసల్మేరు సుమారు 285 కిలోమీటర్లు. బాలేసర్, దేచూ మీదుగా పోఖ్రాన్ వెళ్ళి, అక్కణ్ణుంచి పడమటికి తిరగాలి. 1974 మే 18న మన దేశం మొదటి అణుపరీక్ష జరిపింది ఆ పోఖ్రాన్ దగ్గరే కనక ఊరి పేరు మాకు బాగా తెలుసు. పోఖ్రాన్ నుంచి జైసల్మేరు 110 కిలోమీటర్లు. ఆ దూరాన్ని ఆరు గంటలు తిరక్కుండా తొక్కేశాం. నాలుగోవాడు మాత్రం మా తర్వాత గంటన్నరకి చేరాడు. ఊరి మొదట్లో టీ తాగుతూ కూచుని, వాడు దూరంగా చుక్కలా కనపడగానే ఈలలు వేశాం. ఆ రాత్రి నా డైరీలో "వాణ్ణి తీసుకురాకుండా ఉండాల్సింది" అని రాసుకున్నాను. ఆ డైరీ ఇంకా నా దగ్గరే ఉంది.

దసరా పండగ జైసల్మేరులో జరుపుకున్నాం. రెండ్రోజులకి తిరుగు ప్రయాణం. వచ్చేటప్పుడు ఆరు గంటలు పట్టలేదు కదా, పోయేటప్పుడు మాత్రం ఎందుకు పడుతుంది అని తీరిగ్గా ఎనిమిదింటికి బయల్దేరాం. తలో సీసాడు నీళ్ళు పట్టుకున్నాం. చాందన్ అనే ఊళ్ళో మంచినీళ్ళ గొట్టపు బావి ఉంది. జైసల్మేరుకి అది దాదాపు యాభై కిలోమీటర్లు. మూడు గంటల్లో చేరి నింపుకుందాం అనుకున్నాం. అయిదు లీటర్ల డబ్బా ఒకటి మా దగ్గర ఉంది. బరువెందుకని ఖాళీగానే పట్టుకెళ్ళింది నేనే.

ఊరు దాటి కోట వెనక్కి పోగానే గాలి తగిలింది.

తుఫాను లాంటిదేమీ కాదది. ఒక తీరుగా, ఎడతెరిపి లేకుండా, తూర్పునుంచి మొహం మీదికి వీస్తున్న గాలి. వర్షాకాలం పోయాక ఆ ప్రాంతంలో నైరుతి గాలి తగ్గి గాలి దిక్కు మారుతుంది. మేం వచ్చిన రోజున కూడా ఇదే గాలి, ఇదే దిక్కునుంచి వీచింది. కాని ఆ రోజు అది మా వీపుల వెనక ఉంది. నిజం చెప్పొద్దూ, ఆ రోజు గాలి ఉందన్న సంగతే మాకు తెలియలేదు. కాళ్ళ బలమే అనుకున్నాం.

సైన్సు విద్యార్థులు ఒక్క నిమిషం లెక్క కట్టండి. గాలి గంటకి 15 కిలోమీటర్ల వేగంతో వీస్తోందనుకుందాం. అది వెనకనుంచి వస్తూ, మీరు 20 వేగంతో పోతూ ఉంటే, మీ ఒంటికి ఎదురుగా తగిలేది 5 మాత్రమే. అదే గాలికి ఎదురుగా మీరు కిందా మీదా పడి 10 వేగంతో తొక్కితే తగిలేది 25. గాలి నిరోధం వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. కనక తేడా అయిదింతలు కాదు, ఇరవై అయిదింతలు! ఇంటర్మీడియట్‌లో ఈ లెక్కకి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను. అది నా మోకాళ్ళకి అర్థమైంది మాత్రం ఆ రోజు.

పదకొండయ్యేసరికి నా సీసా ఖాళీ. మధ్యలో రెండుసార్లు మొహం కూడా కడుక్కున్నాను, మహారాజులాగా. అక్టోబరు అయినా అక్కడ మధ్యాహ్నం ఎండ 36, 37 డిగ్రీలు మామూలే. చెమట పట్టినట్టే ఉండదు, పట్టింది పట్టినట్టు ఎండిపోతుంది. అందుకని ఒంట్లో నీళ్ళు పోతున్నాయని మనిషికి తెలియదు. రోడ్డు సన్నం. మిలిటరీ లారీలు వరసగా వస్తే పక్కకి, ఇసకలోకి దిగాం. తిరిగి రోడ్డెక్కేసరికి రెండు బళ్ళకి పంచరు. చూస్తే పల్లేరు ముళ్ళు! మన పొలం గట్ల మీద కాళ్ళకి గుచ్చుకునే పల్లేరే అక్కడా ఉంది. ఆ గాలిలో ట్యూబుకి సొల్యూషను రాస్తే, ప్యాచీ అంటించేలోగా ఇసక వచ్చి పడేది. అతికిందే మళ్ళీ అతికించాం.

ఒంటిగంటకి మేం వచ్చింది ముప్ఫై మూడు కిలోమీటర్లు. కిలోమీటరు రాయి చూసి లెక్క కట్టాను. చాందన్ ఇంకా పదిహేను పైన ఉంది. నా పిక్కలు పట్టేశాయి. బండి దిగబోతే కాలు పైకి లేవలేదు. బండితో సహా పక్కకి పడ్డాను. లేచి కూచుంటే కళ్ళ ముందు తెల్లగా అయిపోయింది. పెదాలు కదుపుతున్నానేగాని మాట రావడంలేదు. మిగతా ఇద్దరూ రోడ్డు పక్కన తలలు పట్టుకు కూచున్నారు. యువశక్తి అంటే అదీ!

అప్పుడు వచ్చాడు నాలుగోవాడు. మాకంటే ఎంతో వెనకలేడని అప్పుడు గమనించాను. పొద్దున్నుంచీ వాడి వేగం ఒకటే. ఏమీ మాట్లాడకుండా నన్ను లేపి, కొంచెం దూరంలో ఉన్న చెట్టు కిందికి నడిపించాడు. వాడి సీసాలో మూడొంతుల నీళ్ళున్నాయి. సీసా మూతలో పోసి, మూతెడు మూతెడు చొప్పున ముగ్గురికీ ఇచ్చాడు. "నోట్లో పెట్టుకోని మెల్లగా మింగు. గటగటా తాగద్దు" అన్నాడు.

ఆ చెట్టు ఖేజ్రీ. మనం జమ్మి అంటాం. రాజస్థాన్ వారు దాన్ని తమ రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది కూడా ఆ 1983లోనే. 2014లో తెలంగాణకీ అదే రాష్ట్ర వృక్షమయింది. రెండ్రోజుల కిందట ఇంట్లో ఉండి ఉంటే ఆ ఆకునే బంగారమని పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళకి దండం పెట్టేవాణ్ణి. ఆ పల్చటి నీడలో పడుకుని, నేను దండం పెట్టాల్సినవాడు నాకు మూతతో నీళ్ళు పోస్తున్నాడని ఆ క్షణంలో తట్టలేదు. తట్టింది ఆ తర్వాత పది నిమిషాలకి.

వాడి బండి రోడ్డు మీదే ఉండిపోయింది. కాస్త తేరుకున్నాక, కనీసం అదైనా చేద్దామని వెళ్ళి దాన్ని నీడలోకి తేబోయాను. హ్యాండిలు పట్టి ఎత్తితే వెనక చక్రం లేవలేదు. కారియర్ మీద స్టవ్వు, కిరసనాయిలు సీసా, బియ్యం, పప్పు, గిన్నెలు, నలుగురం కింద పరుచుకునే టార్పాలిన్. ముందు బుట్టలో పంచరు సామాను, పంపు. అంతా కలిసి ఇరవై కిలోలకి తక్కువ లేదు. జోధ్‌పూర్‌లో "నీ కారియర్ గట్టిది కదా" అంటూ అవన్నీ ఆ బండికి కట్టింది మేమే. కట్టి, మర్చిపోయాం! ఆ సామానుతో వాడు మా వెనక గంటన్నరకి చేరాడు. మేం టీ తాగుతూ ఈలలు వేశాం.

మిత్రులారా, ఆ రోజు నాకు ఎండదెబ్బ కంటే గట్టిగా తగిలింది ఆ బండి బరువు.

దారికి ఉత్తరంగా నాలుగిళ్ళ పల్లె ఒకటి కనిపించింది. అటువంటి పల్లెని అక్కడ ధాణీ అంటారు. బళ్ళు నడిపించుకుంటూ వెళ్ళాం. ఒక పెద్దాయన, తలపాగా, చేతికర్ర. "రామ్ రామ్ సా" అన్నాడు. ఎవరు, ఏ ఊరు, ఏ కులం అని అడగలేదు. ఇంటి పక్కన నేలలో గుండ్రంగా తవ్వి, గచ్చు చేసి, పైన మూత వేసిన నీళ్ళ గొయ్యి ఉంది. దాన్ని టాంకా అంటారు. చుట్టూ నేలని పళ్ళెంలాగా వాలుగా చదును చేసి, పడిన వాన చుక్కని పడినట్టు అందులోకి మళ్ళిస్తారు. జైసల్మేరులో ఏడాది వర్షం రెండు వందల మిల్లీమీటర్లకి లోపే. కరువు జిల్లా అని మనం పేరు పెట్టిన అనంతపురంలో పడేది సుమారు 550. అంటే మన కరువులో మూడో వంతుతో వాళ్ళు కాపురం చేస్తున్నారన్నమాట.

పెద్దాయన మమ్మల్ని ఒక్కొక్కరినీ మేకల తొట్టి పక్కన వంగి నిలబడమన్నాడు. లోటాతో పైనుంచి దోసిట్లోకి పోశాడు. వేళ్ళ సందుల్లోంచి జారిన నీళ్ళు తొట్లో పడ్డాయి. ఒక్క చుక్క నేల మీద పడలేదు. నేను ఆ పొద్దున రెండుసార్లు మొహం కడుక్కున్నానని చెప్పాను కదా! మేం తాగడం అయ్యాకే ఆయన మా ఊరు అడిగాడు. నా హైదరాబాదు హిందీలో చెప్పాను. ఆయనకి సగమే అర్థమైంది. ఆయన మాట నాకు పావు అర్థమైంది. కాని ముఖ్యమైనది చేతితో చూపించి చెప్పాడు: పొద్దు వాలితే గాలి పడిపోతుంది, వెన్నెల ఉంది, అప్పుడు వెళ్ళండి.

పొద్దు వాలేదాకా ఆ ఇంటి నీడలోనే ఉన్నాం. మన దగ్గరకంటే అక్కడ సూర్యుడు అరగంట ఆలస్యంగా దిగుతాడు. అప్పుడు అడిగాను వాణ్ణి, "నీకు ఈ గాలిలో తొక్కడం ఎలా వచ్చింది?" అని.

"మా ఊరి నుంచి హైస్కూలుకి తొమ్మిది కిలోమీటర్లప్పా. ఆషాఢంలో పడమటి గాలి ఎట్లుంటుందో నువ్వు చూడలే. ఆరేండ్లు ఆ గాలికి ఎదురే పోయినా. కారియర్ మీద పాల క్యాను, టౌనులో పోసి బడికి పోవాల. గాలితో కొట్లాడద్దు. అది అలిసిపోదు, మనమే అలిసిపోతాం" అన్నాడు.

మూడేళ్ళు ఒకే హాస్టల్లో ఉన్నాం. ఆ సంగతి నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు.

బయల్దేరే ముందు సామాను నాలుగు భాగాలు చేసి నాలుగు బళ్ళకి కట్టాం. ఆ తర్వాత వాడు చెప్పినట్టు ఒకరి వెనక ఒకరం, చక్రానికి చక్రం జానెడు దూరంలో నడిపాం. ముందున్నవాడు గాలిని కోస్తాడు, వెనకున్నవాళ్ళకి శ్రమ బాగా తగ్గుతుంది. కిలోమీటరు రాయి వచ్చినప్పుడల్లా ముందువాడు పక్కకి తప్పుకుని వెనక్కి చేరాలి, రెండోవాడు ముందుకి రావాలి. పెద్దాయన అన్నట్టే గాలి చాలావరకు తగ్గింది గాని పూర్తిగా పోలేదు. మొదట ముందు నడిచింది వాడే. వాడి వెనక చేరగానే నా చెవుల్లో హోరు టక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తు. ఒక మనిషి వీపు మరొక మనిషికి ఇంత పని చేసిపెడుతుందని నేను పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు. నా కాలు రెండుసార్లు మళ్ళీ పట్టేస్తే నా వంతు కూడా వాడే తొక్కాడు. చాందన్‌లో నీళ్ళు నింపుకుని, లాఠీ దాటి, రాత్రి రెండింటికి పోఖ్రాన్ చేరాం.

ఇదీ ఆ రోజు. తిరిగొచ్చాక నివేదిక రాస్తూ దీన్ని వదిలేశాను. చోటు చాలక వదిలేశానని అప్పట్లో నాకు నేనే చెప్పుకున్నాను. ఇది రాస్తే "జయించాము" అనే మాట కొట్టేయాల్సి వస్తుంది, అదీ అసలు కారణం.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. వెనకగాలి ఒంటికి తెలియదు. ఎదురుగాలి మాత్రం ప్రతి అడుగునా తెలుస్తుంది. అందుకే వెనకగాలితో పోయేవాడు తన వేగమంతా తన కాళ్ళదేనని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. వాడు అబద్ధమాడటంలేదు, వాడికి నిజంగానే గాలి తగలదు. ఇంట్లో చదువుకున్న తల్లిదండ్రులు, ఇంగ్లీషు మాట, కోచింగు ఫీజు, ఫ్యాను కింద బల్ల, ఫలానా కోర్సు చేరమని చెప్పే మేనమామ: ఇవన్నీ నాకున్న గాలి. నా మార్కుల జాబితాలో వాటికి కాలమ్ లేదు. వాడి పాల క్యానుకీ కాలమ్ లేదు. మన కాలేజీలో "ప్రతిభ" మీద చర్చ రాని సంవత్సరం లేదు, నా రోజుల్లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. చర్చించండి, తప్పులేదు. కాని ఒకణ్ణి వెనకబడ్డవాడు అనే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. గాలి ఎటునుంచి ఉంది? వాడి కారియర్ మీద ఉన్న సామాను ఎవరిది?

"అయితే కష్టపడి చదివినవాడి గొప్ప ఏమీ లేదా?" అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. వెనకగాలి ఎంత ఉన్నా తొక్కనివాడి బండి కదలదు. ఒప్పుకుంటాను. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నేను ఎదురుగాలి తిన్నది ఒక్క రోజు. ఒక్క రోజు తిని వాడి ఆరేళ్ళూ నాకు అర్థమయ్యాయి అంటే అది మళ్ళీ పాత గర్వమే. నాకు అర్థమైంది ఆరేళ్ళు కాదు, ఆ ఆరేళ్ళని నేను లెక్కలో వేసుకోలేదన్న సంగతి.

జాలి పడమని మాత్రం నేను చెప్పను. మొదటి ఏడాది మేం వాడి మీద జాలి పడ్డాం, దానివల్ల వాడికి ఒక్క మార్కూ రాలేదు. ఆ రాత్రి వాడు మా మీద జాలి పడి ఊరుకుంటే మేం పోఖ్రాన్ చేరేవాళ్ళం కాదు. వాడు ముందుకొచ్చి గాలికి అడ్డం నిలబడ్డాడు. చేయాల్సింది అది.

అందుకని విద్యార్థి సంఘానికి ఒక్క మనవి. వార్షికోత్సవానికి పెట్టే ఖర్చులో వందో వంతు కూడా అక్కర్లేదు దీనికి. ప్రతి డిపార్టుమెంటులో ఆఖరి ఏడాది విద్యార్థులు, తెలుగు మీడియం నుంచి వచ్చిన మొదటి ఏడాదివాళ్ళతో వారానికి రెండు సాయంత్రాలు కూచోండి. ఆ వారం పాఠాలు తెలుగులో మాట్లాడుకోండి, నోట్సు కలిసి రాయండి. కిలోమీటరు రాయి వచ్చినప్పుడల్లా ముందువాడు మారినట్టు, సెమిస్టరు మారినప్పుడల్లా మనుషులు మారండి. ఇది దానధర్మం అనుకోకండి. ఇవాళ మీ వెనక నడిచినవాడే రేపు మీ పిక్క పట్టేసినప్పుడు మీ వంతు తొక్కుతాడు.

జైసల్మేరు చుట్టూ ఇప్పుడు గాలిమరలు బారులు తీరి ఉన్నాయి. మా వాడి అనంతపురం వైపు కొండల మీద కూడా ఉన్నాయి. ఆ గాలికి ఇప్పుడు మీటరు పెట్టి యూనిట్లలో లెక్క కడుతున్నారు. మనుషుల వెనక వీచే గాలికి మాత్రం ఇంకా మీటరు రాలేదు. ఎవరికివారే లెక్క కట్టుకోవాలి.

ఈ వ్యాసం పంపే ముందు హెడ్మాస్టరు గారికి ఫోను చేసి చదివి వినిపించాను. అంతా విని ఆయన అన్నది ఒక్కటే: "అయిదు లీటర్ల డబ్బా ఖాళీగా తెచ్చింది నువ్వేనని రాసినావు కదా, అది చాల్లే."

1984 సంచికలో 'జయించాము' అన్న మాటని కొట్టేసినట్టుగా పాఠకులు దయచేసి భావించ ప్రార్థన.